ఏడో డబ్బా

మా ముత్తాత కోటపాటి రాఘవయ్యగారు చల్లపల్లి జమీందారుగారి కోటకు వెళితే కుర్చీ వేసి కూర్చోబెట్టేవారట. ఆయన కొడుకు, అంటే మా తాత సీతారామయ్యగారు, ఉయ్యూరులో చెరకు బళ్ళు బారులు తీరే రోడ్డు మీద సినిమా హాలు కట్టించారు. నేల, బెంచి, కుర్చీ తరగతులు కాక, అన్నిటికీ వెనక నాలుగు మెట్లెక్కి కూర్చునేలా ఒక సోఫా వేయించారు. ఆ సోఫా మీద మా ఇంటివాళ్ళు తప్ప మరొకరు కూర్చోలేదు. ఊరికి ఏ పెద్ద అధికారి వచ్చినా కుర్చీ తరగతిలోనే కూర్చునేవాడని మా నాయనమ్మ చెప్పేది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈమధ్య ఒక ఉదయం ఫోనులో చూసిన మూడు వాక్యాల ప్రకటన నాకు ఎందుకు మింగుడుపడలేదో తెలియాలంటే ఈ సోఫా సంగతి తెలియాలి.

ఎక్కడెక్కడో మరుగునపడిన సినిమాలను వెతికి, మరకలు తుడిచి, డిస్కులుగా తెచ్చే కంపెనీలు విదేశాల్లో కొన్ని ఉన్నాయి. రాబోయే నెలల్లో ఏమేం వస్తున్నాయో అవి ముందుగానే జాబితా వేస్తాయి. కొనడం తక్కువే గాని, పొద్దున్న కాఫీ తాగుతూ ఆ జాబితాలు చదవడం నాకు అలవాటు. ఆ రోజు జాబితాలో ఒక నలుపు తెలుపుల బొమ్మ కనిపించింది. గడ్డకట్టిన నది, దాని మధ్యలో ఇరుక్కుపోయిన పడవ. కింద ఇలా రాసి ఉంది: ఈ సినిమా చివరి పది నిమిషాలు ప్రపంచంలో ఎక్కడా దొరకలేదు. ఆ చోట, భారతదేశంలోని విజయవాడకు చెందిన నాగరాజుగారు భద్రపరచిన ఫిలిం ముక్కలను వరసగా చూపిస్తున్నాము. వారికి మా కృతజ్ఞతలు.

కాఫీ చల్లారిపోయింది. ఆ సినిమా మాది. ఆ ముక్కలు మావి. నాగరాజు మా ఎదురింటివాడు.

ఉయ్యూరు హాలు మూసేసేనాటికి నాకు అయిదేళ్ళు. చెరకు ఆడే రోజుల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చే మడ్డి వాసన హాల్లోకి కూడా వచ్చేదనీ, ఇంటర్వెల్లులో వేరుశెనగకాయల తొక్కు కాళ్ళ కింద కరకరలాడేదనీ, సోఫా మఖమలు గుడ్డ ఒకవైపు రుద్దితే ముదురుగా, మరోవైపు రుద్దితే లేతగా మారేదనీ నాకు గుర్తు. ఇందులో నేను చూసిందెంతో, నాయనమ్మ చెప్పగా చూసినట్టు అనిపిస్తున్నదెంతో ఇప్పుడు విడదీయలేను. తాతగారికి ఒక పట్టుదల ఉండేది. ఆదివారం ఉదయం ఆటకు విదేశీ సినిమాలు తెప్పించేవారు. ఉయ్యూరులో వాటిని చూసేదెవరు? ఇస్త్రీ మడత నలగని పంచెతో ఆయన, గేటు దగ్గర గుమాస్తా, ఫ్యాక్టరీలో పనిచేసే కెమిస్టు ఒకాయన. అలా వచ్చినవాటిలో ఒకటి, ఇప్పుడు పటంలో లేని ఒక దేశంలో తీసిన సినిమా. దాని అసలు పేరు ఎవరికీ నోరు తిరగక తాతగారే దానికి ‘మంచు పడవ’ అని పేరు పెట్టి గోడల మీద రాయించారు. ఆడింది ఒక్క ఆదివారం. ప్రింటు తిరిగి పంపుదామనుకునేసరికి దాన్ని పంపిన మద్రాసు పంపిణీ ఆఫీసు మూతపడింది. రాసిన ఉత్తరాలు రాసినట్టే తిరిగొచ్చాయి. అలా ఏడు రీలు డబ్బాలు మాకు మిగిలిపోయాయి. తర్వాత హాలు పోయింది, పొలం పోయింది, మేము విజయవాడ వచ్చి గుణదలలో మూడు గదుల ఇంట్లో సర్దుకున్నాం. వెనక గదిలో ప్రొజెక్టరు, ఇరవై కుర్చీలు, సోఫా, ఏడు డబ్బాలు. ఆ గది నిండిపోవడంతో మేము ఆరుగురం మిగతా రెండు గదుల్లో పడుకునేవాళ్ళం.

తాతగారు రోజూ పొద్దున్నే నశ్యం పీల్చి, పేపరులో సినిమా ప్రకటనల పేజీని గట్టిగా చదివి వినిపించేవారు. ఆ తర్వాత వెనక గదిలోకి వెళ్ళి డబ్బాల మీద దుమ్ము దులిపేవారు. ఏ డబ్బా మూతనూ తీసేవారు కాదు. “తీస్తే గాలి తగులుతుందిరా” అనేవారు. ‘మంచు పడవ’ ముగింపు మాత్రం నాకు వందసార్లు చెప్పి ఉంటారు. నెలల తరబడి గడ్డకట్టి ఉన్న నది ఒక తెల్లవారుజామున టప్పున చిట్లుతుంది, మంచు పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, పడవ మెల్లగా కదులుతుంది, కాని అప్పటికి అందులో ఎవరూ ఉండరు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో, కరెంటు పోయి, తాటాకు విసనకర్రలు చేతులు మారుతున్నప్పుడు ఆ మంచు సంగతి వింటుంటే ఒళ్ళు చల్లబడేది.

మేము వచ్చిన రెండేళ్ళకు ఎదురు స్థలంలో ఇల్లు లేచింది. నాగరాజు వాళ్ళ నాన్న కొల్లేరు నుంచి చేపల లారీలు తెప్పించేవాడు. తెల్లారేసరికి వాళ్ళ వాకిట్లో ఐసు ముక్కలు కరుగుతూ కాలువ కట్టేవి. వాళ్ళింటికి కలరు టీవీ వచ్చింది, దానితో పాటే క్యాసెట్లు వేసుకునే వీసీపీ వచ్చింది. మా ఇంట్లో రెండూ లేవు. అడిగితే నాన్న పేపరులోంచి తల ఎత్తకుండా, “తెర మీద చూసినవాళ్ళంరా మనం. పెట్టెలో చూస్తామా?” అన్నారు. ఆ మాట విని గర్వపడ్డాను. తర్వాత కిటికీ దగ్గరకు వెళ్ళి వాళ్ళింటి వంక చూశాను.

వీధి చివర క్యాసెట్ల షాపు ఉండేది. బయట నల్ల పలక మీద సుద్దముక్కతో ‘త్వరలో’ అని రాసి, దాని కింద రాబోయే క్యాసెట్ల పేర్లు రాసేవాడు షాపాయన. లోపల ఒక నోటుపుస్తకం. ఏ క్యాసెట్ ఎవరికి ముందు కావాలో వాళ్ళు పేరు రాసుకోవాలి. అన్నిట్లోనూ మొదటి పేరు నాగరాజుదే. మిగతా పిల్లలు హీరోల సినిమాలకు ఎగబడితే, వాడు మాత్రం షాపాయన బతిమాలినా ఎవరూ తీసుకోని విదేశీ క్యాసెట్లకు పేరు రాసేవాడు. బొమ్మ గీతలు గీతలుగా వచ్చేవి, మాటలు అర్థమయ్యేవి కావు, అయినా అవే. నేను రోజూ స్కూలు నుంచి వస్తూ ఆ పలకను పై నుంచి కింది దాకా చదివేవాణ్ణి. ఎప్పటికైనా అందులో ‘మంచు పడవ’ వస్తుందనీ, వస్తే నాగరాజే ముందు చూస్తాడనీ నాకు భయం. నా పేరు నోటుపుస్తకంలో రాయించుకోవడం నా వల్ల కాలేదు. కోటపాటివాళ్ళ పేరు వరసలో ఆరోదిగా ఉండడమా?

ఒక ఆదివారం వాడే పిలిచాడు. “ఏం చిన్నబాబూ, కొత్త క్యాసెట్ వచ్చింది. చూద్దువు గాని రా.” నన్ను వాడు మొదటినుంచీ చిన్నబాబు అనే పిలిచేవాడు. వెక్కిరింపో మర్యాదో తెలిసేది కాదు. వెళ్ళాను. వీధి పిల్లలంతా చాప మీద కూర్చున్నారు. వాళ్ళమ్మగారు జంతికల పళ్ళెం పట్టుకొచ్చి, “కూర్చోండి బాబూ, చోటుందిగా” అన్నారు.

“ఫరవాలేదండీ” అన్నాను.

సినిమా నేల మీద కూర్చుని చూసేవాళ్ళం కాదు మేము. నాయనమ్మ నాకు అన్నం తినిపించినప్పటినుంచీ చెప్పిన మాట అది. నేల టిక్కెట్టు తీసుకునేవాళ్ళు వేరు. ఆ ఇంట్లో కుర్చీ ఒకటే ఉంది, దాని మీద టీవీ ఉంది. అందుకని నేను గోడకు ఆనుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, రెండు గంటల సినిమా నిలబడి చూశాను. జంతికలు కూడా వద్దన్నాను. ఎడారిలో ఒక ముసలావిడ, ఒక కుక్క. అంతకుమించి నాకేమీ అర్థం కాలేదు. నాగరాజు మాత్రం తెరకు జానెడు దూరంలో మోకాళ్ళ మీద కూర్చుని, “అదిగో, ఆవిడ కుక్కకి నీళ్ళు పోసి తను తాగలేదు చూడండర్రా” అని చెబుతున్నాడు. నిజమే, ఆవిడ తాగలేదు. నేను చూడలేదు. కాళ్ళు లాగుతూ ఇంటికి వస్తుంటే నాకు టీవీ మీద కన్ను కుట్టలేదు, వీసీపీ మీద కూడా కాదు. సినిమా చూడడం నాకంటే వాడికే బాగా వచ్చినందుకు కడుపు మండింది. సినిమా హాలు కట్టించింది మా తాత. చూపు మాత్రం వాడికి వచ్చింది.

ఫిబ్రవరిలో కొండ మీద మేరీమాత ఉత్సవం జరిగినప్పుడు గుణదల రోడ్లన్నీ దుకాణాలే. కొవ్వొత్తుల వాసన, బెల్లం జీళ్ళు, కొబ్బరికాయ పీచు, దుమ్ము. ఆ దుకాణాల్లో ఫిలిం ముక్కలు కాగితం పొట్లాల్లో అమ్మేవారు. వాటితో మేమందరం ఆడే ఆట ఒకటుండేది. మాడిపోయిన బల్బు లోపలి తీగ జాగ్రత్తగా తీసేసి, నీళ్ళు నింపి, గది చీకటి చేసి, వాకిట్లోంచి అద్దంతో ఎండను తలుపు కంతలోంచి లోపలికి కొట్టి, ఆ వెలుగులో బల్బు వెనక ఫిలిం ముక్కను తలకిందులుగా పట్టుకుంటే ఎదురుగోడ మీద బొమ్మ పడేది. పొట్లాల్లో దొరికేవన్నీ సగం మొహాలు, విరిగిన చేతులు. నా దగ్గర మాత్రం ఏడు డబ్బాల నిండా సినిమా ఉంది.

ఆరు డబ్బాల మూతలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఏడోది తేలిగ్గా వచ్చింది. పుల్లటి వాసన ముక్కుకు తగిలింది. మొదటిరోజు ఇరవై బొమ్మలు కత్తిరించాను. మా వెనక గదిలో, ఇరవై కుర్చీల్లో వీధి పిల్లలను కూర్చోబెట్టి, సోఫాలో నేను కూర్చుని, గోడ మీద మంచు చూపించాను. ఆట అయ్యాక తలో ముక్కా ఇచ్చాను. అమ్మలేదు, ఇచ్చాను. తాతగారు కుర్చీ తరగతివాళ్ళకు సంక్రాంతికి తాంబూలం ఇచ్చేవారట, అలా. నాగరాజును పిలవలేదు. వాడు వాకిట్లో నిలబడి అద్దం వెలుగు తలుపు కంతలోకి పోవడం చూస్తుంటే నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ మరిచిపోలేను, దాచను కూడా.

ఎండాకాలం అయ్యేసరికి నా ఆటకు జనం తగ్గారు. ఎందుకో కనుక్కుంటే తెలిసింది. నాగరాజు వాళ్ళింట్లో క్యాసెట్ చూడాలంటే వాడు పెట్టిన టిక్కెట్టు ఒకటే, ఒక ఫిలిం ముక్క. నేను తాంబూలంలా పంచినవన్నీ పిల్లలు తీసుకెళ్ళి వాడికి ఇచ్చి చాప మీద కూర్చుంటున్నారు. ఉక్రోషంతో ఈసారి మూరలు మూరలుగా కత్తిరించాను, దోసిళ్ళతో పంచాను. అవి కూడా రోడ్డు దాటాయి. చివరకు డబ్బాలో ఖాళీ చక్రం మిగిలింది.

తాతగారు ఒక పొద్దున్న దుమ్ము దులుపుతూ డబ్బా ఎత్తారు. బరువు తెలిసిపోయింది. కొడతారనుకున్నాను.

“ఏ డబ్బారా ఇది?”

“ఏడోది తాతయ్యా.”

“చివరిదా?” ఆయన సోఫా అంచున కూర్చున్నారు. చాలాసేపు ఆ డబ్బా మూతను పంచె కొంగుతో తుడిచారు. “ముగింపు చూడకుండా లేచిపోయేవాళ్ళని నేను గేటు దగ్గర నిలబడి వెనక్కి పంపేవాణ్ణిరా” అన్నారు. అంతే. ఆ తర్వాత పడవ కథ నాకు మళ్ళీ చెప్పలేదు. నేనూ చెప్పమని అడగలేదు.

ఇప్పుడు గుణదలలో ఆ క్యాసెట్ల షాపు లేదు, నల్ల పలక లేదు, మాడిపోయిన బల్బులో నీళ్ళు నింపే పిల్లలు లేరు, అసలు అలాంటి బల్బులే లేవు. మా ఇంటి చోట అపార్టుమెంటు ఉంది. ఎదురిల్లు మాత్రం అలాగే ఉంది. ప్రకటన చూసిన రెండు రోజులకు, ఎన్నో ఏళ్ళ తర్వాత, నాగరాజు నుంచి ఫోను వచ్చింది. గొంతు మారలేదు.

“ఏం చిన్నబాబూ, బాగున్నారా? చూశారా ఆ ప్రకటన?”

“ఏ ప్రకటన?” అన్నాను.

“‘మంచు పడవ’ అండీ! మన ముక్కలు గాజు సీసాలో పెట్టి అట్టే ఉంచానండీ ఇన్నాళ్ళూ. చివరి రీలు దొరకలేదని వాళ్ళు వేసిన పడవ బొమ్మ చూసి గుర్తుపట్టి, వాళ్ళకి రాశాను. మంచు ఎంత చిట్లిందో చూసుకుని వరస పెట్టాను. ఒకటే బాధ, నా పేరొక్కటే వేశారు. తాతగారి పేరు, హాలు పేరు వేయాల్సిందేనని రాశాను. డిస్కుతో పాటు వచ్చే పుస్తకం ఇంకా అచ్చుకి పోలేదంట, వేస్తామన్నారు. ఇంకోటండీ. వాళ్ళ దగ్గరున్న ప్రింటు బాగా గీతలు పడిపోయిందంట. మీ ఇంట్లో మిగతా ఆరు డబ్బాలూ ఉంటే, వాటినుంచే మొత్తం సినిమా మళ్ళీ తీస్తామంటున్నారు. విడుదల ఆపి మరీ ఎదురు చూస్తారంట. ఉన్నాయిగా?”

‘మన ముక్కలు’ అన్నాడు. మా తాతగారి పేరు వాడు వేయిస్తున్నాడు. నేను లేచి నిలబడ్డాను, ఆ రోజు వాళ్ళింట్లో నిలబడ్డట్టే.

“ఉన్నాయి. ఎక్కడికి పోతాయి?” అన్నాను. “చూసి చెబుతాను.”

“చూడండి చిన్నబాబూ, తొందరేం లేదు. కానీ చూడండి” అన్నాడు.

అప్పటినుంచి మూడుసార్లు ఫోను చేశాడు. నేను ఎత్తలేదు. గుణదల ఇల్లు ఖాళీ చేసిన ఏడాది, తాతగారు పోయిన ఆరు నెలలకు, ఆ ఆరు డబ్బాలనూ, ప్రొజెక్టరునూ, ఇరవై కుర్చీలనూ, సోఫా స్ప్రింగులనూ పాత ఇనుము కొనేవాడికి తూకానికి అమ్మేశాం. డబ్బాలు మోసి కాటాలో పెట్టింది నేనే.