మగ్గానికి చెప్పిన ముద్దుమాటలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చంటివాణ్ణి చూసి నవ్వడానికి భయపడేవాళ్లం. కరీంనగర్ దిక్కున మాది నేతపని. కరెంటు మగ్గాలు ఇంకా రాని రోజులవి. నా తర్వాత పుట్టిన ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. తాను మురిసిపోయి చూడబట్టే దిష్టి తగిలిందని మా అవ్వ నమ్మకం. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం.

అందుకే తమ్ముడు పుట్టగానే చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టారు. పక్కింటి అత్త ఎత్తుకుంటే, దోసెడు తవుడిచ్చి అవ్వ వాణ్ణి కొనుక్కుంది. పెంటయ్య అని పేరు పెట్టారు. అంత చేసినా అవ్వకు ధైర్యం చాలలేదు. పాలిచ్చేటప్పుడు కూడా ముఖం పక్కకు తిప్పుకునేది, మాట్లాడేది కాదు. పోనుపోను వాడు ఏడవడం మానేశాడు. పిలిచినా తల తిప్పకుండా, తొట్టెల ఉయ్యాలలో పడుకుని దూలాన్ని చూస్తుండేవాడు.

నేతకు నూలు కండెలు చుట్టడానికి వచ్చిన అత్త ఒకనాడు ఉండబట్టలేకపోయింది.

"గీ పోరడు మనిషి మొఖమే ఎరుగనట్టున్నడు వదినె. జర మాట్లాడరాదు?"

"నోరు తెరిస్తే వీడు గూడ పోతడేమో," అంది అవ్వ.

"అయితే వానితోని మాట్లాడకు. మగ్గంతోని మాట్లాడు. మగ్గానికేం దిష్టి తగుల్తది?"

అంటూనే అత్త తొట్టెలను మగ్గం పక్కకు జరిపింది. ఆనాటి నుంచి అవ్వ నూలు వైపే చూస్తూ, "నా బంగారుకొండా, ఆకలైతుందా?" అని మగ్గాన్ని అడిగేది. చాలా రోజులు వాడిలో ఏ కదలికా లేదు. తర్వాత మాట వినబడే దిక్కుకు తల తిప్పాడు. ఒక పొద్దున, మగ్గం మీద పోగుల మధ్య అటూ ఇటూ ఉరుకుతున్న నాడెను చూసి కిలకిలా నవ్వాడు.

"అవ్వా, తమ్ముడు నవ్విండే!" అని అరిచాను.

అవ్వ తల తిప్పబోయి, సగంలోనే ఆగిపోయింది.

"నేను చూడ. నువ్వే చూసి చెప్పు బిడ్డా. బుగ్గ మీద సొట్ట పడ్డదా?"

"పడ్డదే."

అవ్వ నాడెను గుండెకు అదుముకుని ఏడ్చింది. పక్కనే కండెలు చుడుతున్న అత్త, చేతిలోది కింద పెట్టి తలవంచుకుంది.

తమ్ముడు బతికాడు. పెళ్లాం పిల్లలున్నారు. ఇప్పటికీ ఎవరు పలకరించినా గోడ వైపు చూసి జవాబిస్తాడు. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నదాన్ని, ఎవరి పద్దయినా సరిచూస్తాను. అవ్వ మాటల్లో మగ్గానికి పోయినవెన్నో, వాడికి చేరినవెన్నో మాత్రం తేల్చలేకపోయాను. చంటిబిడ్డ ఎక్కడ కనబడినా, ముందుగా నేను చూసేది తల్లి ముఖం ఎటు తిరిగి ఉందనే.