కెవ్ పాస్కో పెద్ద పళ్ల చక్రం

డెబ్బై దాటినా కెవ్ పాస్కో గొర్రెల వెనక బైక్ మీదే తిరిగేవాడు. వెనక పెట్టె మీద టిల్లీ అనే కుక్క. మాలీ అనే మా మెట్ట ప్రాంతపు పల్లెల్లో వెనక కుక్క లేకుండా బైక్ నడిపితే, ఇంట్లో ఏదో మరిచిపోయి వచ్చావా అని అడుగుతారు.

టిల్లీని పిల్లగా ఉన్నప్పుడు కెవ్‌కు ఇచ్చింది పక్క పొలం డల్సీ. దానికి ఇప్పటికీ తనంటేనే ఇష్టమని ఆవిడ వాదన. వాదన ముదిరి పందెం దాకా వచ్చింది. ఏటా పబ్బు గుమ్మం నుంచి గోధుమ గాదె దాకా జరిగే బైక్ పోటీలో ఎవరు ముందొస్తే టిల్లీ వాళ్లది. గీత దాటేటప్పుడు బైక్ మీద కుక్క ఉండాలన్నది ఒక్కటే నియమం. నీడలో పుస్తకం చదువుకునే మనిషిని కదా, ఎవరి పక్షమూ కాదని జెండా నాకిచ్చారు.

డల్సీ బైక్ కొత్తది. అందుకని కెవ్ తన బైక్ వెనక చక్రానికున్న స్ప్రాకెట్‌ను, అంటే గొలుసు పట్టే పళ్ల చక్రాన్ని, విప్పేసి, ఇంకా ఎక్కువ పళ్లున్నది బిగించాడు. అలా చేస్తే బైక్ మొదట్లో ఎగిరి దూకుతుంది, తర్వాత ఎంత తిప్పినా వేగం పెరగదు. ఇందులో మొదటి సగం పబ్బులో అందరికీ చెప్పాడు. రెండో సగం తనకు తాను కూడా చెప్పుకోలేదు.

జెండా దించాను. బైక్ దూకింది. టిల్లీ మాత్రం అక్కడే గాల్లో ఒక్క క్షణం కూర్చుని, తర్వాత దుమ్ములో కూర్చుంది. నెమ్మదిగా బయల్దేరుతున్న డల్సీ బైక్ వైపు చూసి, వెళ్లి దాని వెనక పెట్టె మీదున్న ఆవిడ సొంత కుక్క పక్కన ఎక్కేసింది.

సగం దారిలో కెవ్ ఇంజిన్ గోల పెడుతోంది, బైక్ కదలికలో మార్పు లేదు. డల్సీ పక్కకొచ్చింది.

“ఏమయ్యా కెవ్, నీ సామాను పడిపోయింది. నేను తెస్తున్నాలే.”

టిల్లీ అతని వైపు చూడలేదు.

ఆ సాయంత్రం కెవ్ మాంసం కూరిన పై రొట్టెను, ఎప్పుడూ వేసుకునే సాసు లేకుండానే తిన్నాడు. ఊరంతా కంగారుపడింది.

మర్నాడు పాత స్ప్రాకెట్ బిగించి డల్సీ గేటు దగ్గరకొచ్చాడు. నేను పుస్తకం తిరిగిద్దామని అక్కడే ఉన్నాను. టిల్లీ వెనక చక్రం వాసన చూసింది కానీ ఎక్కలేదు. కెవ్ బైక్‌ను ఎంత మెల్లగా కదిలించాడంటే డల్సీ కోడిపెట్ట దాన్ని దాటిపోయింది. అప్పుడు టిల్లీ పరిగెత్తి ఎక్కింది.

“పందెం నీదేలే డల్సీ,” అన్నాడు కెవ్, దిగమని కుక్కకు చెప్పకుండానే.

“కుక్క నాదే. పగలు నీ పనికి వాడుకో, సాయంత్రం తెచ్చి దింపు. అది పడకుండా రా. ఆలస్యమైతే అవనీ, టీ కాచి ఉంచుతాను.”

ఆ రోజు నుంచి కెవ్ బైక్‌ను కోడిపెట్టలే దాటుతున్నాయి.