బండి పెట్టే జాగ

సూర్యాపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుగా చేరి అప్పటికి మూడేళ్లు. మాది మునగాల. రోజూ స్కూటీ మీద హైవే పట్టుకుని వచ్చేదాన్ని. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా నా డ్యూటీ. నాకు ముందు, పొద్దున ఎనిమిదికి ఎక్కి రెండుకు దిగే ఆవిడ మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చేది. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. వార్డులో అందరం ఆమెను అక్క అనే పిలిచేవాళ్లం.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. తర్వాతి మనిషి వచ్చి, ఒక్కో మంచం దగ్గరా నిలబడి పేషెంటు సంగతి అప్పగింత తీసుకుని, రిజిస్టరులో సంతకం పెట్టేదాకా ముందు మనిషి కదలడానికి లేదు. నేను ఆలస్యమైతే ఆ ఆలస్యం నాతో ఆగదు. అక్క మీద పడుతుంది.

హైవే మీద ఫ్లైఓవర్ పని మొదలుపెట్టాక ఊళ్లోకి తిరిగే చోట రోడ్డు మధ్యలో తవ్వి, రేకులు అడ్డం పెట్టి, బండ్లన్నిటినీ పక్కనున్న ఇరుకు రోడ్డు మీదికి మళ్లించారు. విజయవాడ లారీలు, హైదరాబాదు బస్సులు, ఊళ్లో ఆటోలు అన్నీ అందులోనే. పది నిమిషాల దూరానికి అరగంట పట్టేది. దానికైనా ముందు బయలుదేరితే సరిపోయేది. అసలు కష్టం ఆసుపత్రి ముందుకు వచ్చాక.

మొదట్లో సెల్లారులో ఒక మూల మా బండ్లకు ఉండేది. కొత్త స్కానింగ్ మిషను వచ్చాక సగం సెల్లారు దానికి పోయింది. మిగతా సగం పేషెంట్ల కార్లకు ఇచ్చారు. ఇకమీదట సిబ్బంది వాహనాలు లోపలికి అనుమతించబడవని గేటుకు కాగితం అంటించారు. మరెక్కడ పెట్టుకోవాలో ఆ కాగితంలో లేదు. రోడ్డు పక్కన పెడితే ట్రాఫిక్ పోలీసులు చక్రానికి గొలుసు వేసేవాళ్లు. దుకాణాల ముందు పెడితే గాలి తీసేసేవాళ్లు. చివరికి రెండు వీధుల అవతల తుమ్మచెట్లు మొలిచిన ఒక ఖాళీ ప్లాటు దొరికింది. ఆసుపత్రి వాళ్లమే కాక, చుట్టుపక్కల బట్టల దుకాణాల్లో పనిచేసే పిల్లలందరూ అందులోనే పెట్టేవాళ్లు. నిండిపోతే మళ్లీ వెతుకులాట.

ఒకరోజు వార్డులో టీవీలో హైదరాబాదుకు కొత్త మెట్రో లైను వేసే సంగతి వస్తోంది. అక్క సెలైన్ సీసా మారుస్తూ దాన్ని చూసి, "సిటీల రైలు మీద రైలు ఏస్తున్నరు. మనకు గీడ స్కూటీ నిలబెట్ట జాగ లేదు" అంది. పేషెంట్లు కూడా నవ్వారు.

అక్క ఇంటి సంగతి నాకు తెలుసు. చేరిన కొత్తలోనే చెప్పింది. భర్త దామరచర్ల వైపు కరెంటు ప్లాంటులో కాంట్రాక్టరు కింద వెల్డరు. సాయంత్రం ఆరింటికి ఎక్కే షిఫ్టు. వాళ్లను తీసుకుపోయే బస్సు ఐదింటికి మిర్యాలగూడ చౌరస్తా నుంచి కదిలేది. వాళ్లకు పదకొండేళ్ల కూతురు. ఆ పిల్లకు మూర్ఛ ఉంది. ఒకసారి స్నానాల గదిలో పడి తల పగిలి కుట్లు పడ్డాక, ఆమెను ఒక్కదాన్నే ఇంట్లో వదలడం మానేశారు. పగలు తండ్రి, సాయంత్రం నుంచి తల్లి.

"మా ఇంట్ల గుడ డ్యూటీ మారుడే చెల్లె," అనేది అక్క. "నేను గడపల అడుగు పెట్టాలె, ఆయన చెప్పులేస్కోవాలె."

రెండున్నర బస్సు దొరికితే నాలుగున్నర లోపు ఇల్లు చేరేది. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేసిన పనైతే ఈ మాటలు రాయాల్సిన అవసరం నాకు ఉండేది కాదు.

ఆ చలికాలం మొదట్లో నేను పది నిమిషాలు ఆలస్యం కావడం మొదలైంది. తర్వాత పావుగంట. అక్క సంచీ భుజానికి తగిలించుకుని వార్డు గుమ్మంలో నిలబడి ఉండేది. నన్ను చూడగానే సంచీ కింద పెట్టి మళ్లీ మొదటి మంచం నుంచి మొదలుపెట్టేది. ఒక్క మంచం కూడా వదిలేది కాదు. అయిపోగానే మెట్ల మీద పరుగు. ఒక్కరోజు కూడా నన్ను మాట అనలేదు. అనకపోయేసరికి ఆలస్యం నాకు అలవాటైపోయింది. ఎలాగూ బస్సు అందుకుంటుందిలే అనుకునేదాన్ని.

వరికోతల రోజులు అవి. ఆ రోజు పొద్దున నేను కోదాడ వెళ్లాను. టైలరు దగ్గర రెండు జాకెట్లు కుట్టడానికి ఇచ్చి చాలా రోజులైంది. అవి తెచ్చుకోవాలని. అతను గుండీలు వేయాలని కూర్చోబెట్టాడు. కూర్చున్నాను. ఇంటికి వచ్చి, తిని, మునగాల దాటేసరికి ఒంటిగంటన్నర కావస్తోంది. రోడ్డు బాగుంటే చేరేదాన్నే. మళ్లింపు దగ్గర ఒక లారీ ఇరుసు విరిగి అడ్డంగా ఆగిపోయింది. దాన్ని దాటేసరికి రెండూ ఇరవై.

నేరుగా ప్లాటు దగ్గరికి పోయాను. చుట్టూ రాతి కడీలు నాటి ఇద్దరు మనుషులు ముళ్లతీగ లాగుతున్నారు.

"ఇగ బండ్లు పెట్టొద్దమ్మా. ఇల్లు కడ్తున్నరు," అన్నాడు ఒకాయన.

ఫంక్షన్ హాలు దగ్గరికి పోతే పెళ్లి ఉందని వాచ్‌మన్ గేటు దించేశాడు. ఒక టిఫిన్ సెంటరు పక్కన సందు కనిపిస్తే బండి తిప్పి స్టాండు వేశాను. యజమాని బయటికి వచ్చాడు.

"అన్నా, నేను నర్సును. డ్యూటీకి లేటైతుంది. ఈ ఒక్కరోజు పెట్టనియ్యి."

"నువ్వు నర్సువైతే నాకేందమ్మా? నా గిరాకీ యాడ నిలబడాలె?"

అక్కకు ఫోన్ చేశాను. అప్పటికి రెండూ నలభై. "అక్కా, ఊళ్లనే ఉన్న. జాగ దొరకట్లే."

"ఏడన్నొక కాడ పెట్టి రా చెల్లె. ఆయన బస్సు పోతది," అంది. గొంతులో కోపం లేదు. తొందర ఉంది.

బండిని అక్కడే రోడ్డు మీద పడేసి పరుగెత్తి ఉండాల్సింది. తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. కానీ ఆ నిమిషంలో నా కళ్ల ముందు ఉన్నది చక్రానికి పడే గొలుసే. బస్టాండు దగ్గర ఎప్పుడూ నిండి ఉండే సైకిల్ స్టాండు దాకా పోయి, అక్కడి మనిషిని బతిమాలి రెండు మోటారుసైకిళ్ల మధ్య ఇరికించి, నడిచీ పరుగెత్తీ వార్డు మెట్లెక్కేసరికి మూడూ పది.

అక్క నన్ను చూసింది. చూసి, రిజిస్టరు తెరిచింది. మొదటి మంచం, రెండో మంచం. మూడో మంచం ముసలాయనకు పొద్దున బీపీ పడిపోయిందట, గంటగంటకూ చూడమని చెప్పింది. అన్నీ చెప్పింది. సంతకం పెట్టాను. నేను తలెత్తేసరికి ఆమె గుమ్మంలో లేదు.

మర్నాడు పొద్దున్నే రాత్రి డ్యూటీ నర్సు ఫోన్ చేసింది. ఆమెది కోదాడ.

"విన్నావా? అక్క వాళ్ళాయనకి యాక్సిడెంట్ అయ్యిందంట. రాత్రికి రాత్రే హైదరాబాద్ తీసుకెళ్ళారంట. కాలు ఉంటదో లేదో అంటున్నారు."

జరిగింది తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. అక్కకు మూడున్నర దాటాక బస్సు దొరికింది. మిర్యాలగూడ పొలిమేరలో రైసు మిల్లుల దగ్గర వడ్ల ట్రాక్టర్లు రోడ్డుకు రెండు పక్కలా బారులు తీరి ఉన్నాయి. కోతల రోజుల్లో అది మామూలే. మిల్లులో వంతు వచ్చేదాకా రైతులు ట్రాలీల కిందే పడుకుంటారు. బస్సు కదలకపోతే అక్క దిగి నడిచింది. ఇల్లు చేరేసరికి ఐదూ ఇరవై. భర్త టిఫిన్ క్యారియర్ చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. "బస్సు పోయింది," అని మాత్రం అని మోటారుసైకిల్ తీశాడు. ఆరు దాటితే ప్లాంటు గేటు దగ్గర హాజరు వేయరు.

ఊరు దాటాక కూడా ట్రాక్టర్లే. చీకటి పడుతోంది. ఎదురుగా వచ్చే లారీ లైట్లకు కళ్లు మూతపడ్డాయట. ఆగి ఉన్న ట్రాలీ మూల ఆయన మోకాలికి తగిలింది. ఆ ట్రాలీకి వెనక ఎర్ర దీపం కాదు కదా, ఎర్ర గుడ్డ కూడా లేదు. హైదరాబాదులో నాలుగో రోజున కాలు మోకాలి పైదాకా తీసేశారు.

అక్క నెల తిరగకముందే డ్యూటీకి వచ్చింది. మేనత్త ఒకావిడ వచ్చి ఇంట్లో ఉంటోందని చెప్పింది. మనిషి సగమైంది. అప్పగింత మాత్రం అదే తీరు, మొదటి మంచం నుంచి చివరి మంచం దాకా. నేను ఒంటిగంటన్నరకే వచ్చి కూర్చునేదాన్ని. ఆ ముందు రావడం చూసినప్పుడల్లా ఆమెకు ఏమనిపించేదో అని నాకే సిగ్గుగా ఉండేది.

వారం రోజులు ఓర్చుకుని, డ్యూటీ రూములో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "అక్కా, ఆ రోజు నేను టైముకు వస్తే ఇట్ల కాకపోతుండె గద. నేను కోదాడ పోయిన. జాకెట్ల కోసం కూసున్న."

చేతులు కడుక్కుంటోంది. నీళ్ల పంపు కట్టేసింది.

"నీ మీద కోపం లేదని అబద్ధం ఎందుకు చెప్పాలె? ఉన్నది," అంది. "ప్రార్థన చేస్కునేటప్పుడు గుడ పోతలేదు. కని నువ్వు మాత్రం బండి ఏడ పెడ్తవ్? గది ఆలోచిస్తె ఇగ ఎవల మీద కోపం పెట్టుకోవాల్నో నాకు సమజ్ కాదు."

చెంగుతో చేతులు తుడుచుకుని వార్డులోకి పోయింది. నేను ఏడుద్దామనుకున్నాను. ఏడుపు రాలేదు.

ఆ తర్వాత నేనూ, కోదాడ నర్సూ, ఇంకో నలుగురం కలిసి మేనేజరు దగ్గరికి పోయాం. ఆయన ఓపికగానే విన్నాడు. బస్సుల్లో రావచ్చు కదా అన్నాడు.

"రాత్రి ఎనిమిదికి దిగితే ఈమెకు మునగాలలో ఏ బస్సు ఆగుతుందండీ? మీరే చెప్పండి," అని కోదాడ నర్సు గట్టిగా అడిగింది. ఆయన చూద్దాం అన్నాడు.

చూశారు కూడా. జనరేటరు పక్కన పది బండ్లు పట్టేంత నేలకు సున్నం గీత కొట్టి సిబ్బందికి అన్నారు. పొద్దున షిఫ్టు వాళ్లతోనే ఆ పదీ నిండిపోయేవి. మధ్యాహ్నం వచ్చేవాళ్ల సంగతి మళ్లీ మామూలే. ఎండలు ముదరకముందే అక్క మానేసింది. మిర్యాలగూడలో ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఒక చిన్న నర్సింగ్ హోములో, ఇక్కడికంటే తక్కువ జీతానికి చేరింది. చివరి రోజున అందరికీ చెప్పింది, నాకూ చెప్పింది. "పోతున్న చెల్లె, జర పైలం."

ఒక ఆదివారం వాళ్లింటికి పోయాను. వస్తున్నానని చెప్పలేదు. అక్క డ్యూటీలో ఉంది. మేనత్త వాళ్ల ఊరు వెళ్లిపోయిందట. ఆయన మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కూతురు పక్కన నేల మీద ఏదో రాసుకుంటోంది. నేను ఎవరో చెప్పాను. "ఆమె తర్వాత డ్యూటీకి వచ్చేది నువ్వేనా చెల్లె? కూసో," అన్నాడు.

మొండి కాలి వైపు చూశాను. క్రేప్ బ్యాండేజి అడ్డదిడ్డంగా చుట్టి ఉంది. పైన బిగుతు, కింద వదులు. కొస వాచిపోయింది. అలా ఉంటే రేపు పెట్టుడు కాలు పట్టదు.

"ఇది ఎవరు కట్టిన్రు?" అన్నాను.

"నేనే," అంది పిల్ల భయంగా. "అమ్మ పొద్దుగాల కడ్తది. ఊడిపోతే నేను కడ్త."

విప్పాను. కుట్లు మానాయి. చర్మం మీద బ్యాండేజి అచ్చులు ఎర్రగా పడి ఉన్నాయి. పిల్లను దగ్గరికి కూర్చోబెట్టుకుని, కొస దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా, ఏటవాలుగా ఎలా తిప్పాలో రెండుసార్లు చేసి చూపించాను. మూడోసారి దానితోనే చేయించాను. పర్వాలేదు, చేతులు నిలకడగానే ఉన్నాయి.

ఆయన మా ఇద్దరినీ చూస్తున్నాడు. తర్వాత అడిగాడు. "ఆ దినం బస్సు పాడైందన్నది మా ఆమె. సూర్యాపేట బస్టాండ్ల గంట నిలబడ్డనన్నది. నిజమేనా?"

అక్క ఆయన దగ్గర నా పేరు ఎత్తలేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. అవునంటే సరిపోయేది. పిల్ల నా ముఖంలోకి చూస్తోంది.

"కాదన్నా. నేను మూడూ పదికి వచ్చిన. బండి పెట్ట జాగ దొరకలే. అందుకే ఆమె నిలబడ్డది."

ఆయన కళ్లు కిటికీ వైపు తిప్పుకున్నాడు. బయట ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు. మంచినీళ్లు తెమ్మని కూతురితో చెప్పాడు. పిల్ల తెచ్చిన గ్లాసు నేను తీసుకుని తాగాను. నేను లేచి, వస్తానన్నా అంటే తల ఊపాడు. నా వైపు తిరగలేదు.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేస్తుందనుకున్నాను. చేయలేదు. నెల తర్వాత నేనే చేశాను. బ్యాండేజి సరిగా కడుతున్నారా అని అడిగాను. బిడ్డ మంచిగ కడుతోందని, వాపు తగ్గిందని, కాలు కొలతలు తీసుకున్నారని చెప్పింది. ఇంకేమైనా అంటుందేమోనని ఆగాను. వార్డులో ఎవరో పిలుస్తున్నారని ఫోన్ పెట్టేసింది.