రెండు మెట్లెత్తు బాత్రూమ్

పైపుల మేస్త్రిని అందరూ వాటం మేస్త్రి అనేవారు. ఆయన వాటం, అంటే నీళ్ళు పారే వాలు, చూసి వేసిన పైపులో నీళ్ళు నిలిచాయన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆ సంగతి అందరికన్నా ముందు ఆయనే చెప్పుకునేవాడు, అది వేరే విషయం.

తుంటి ఎముక విరిగి ఆయన అక్క తమ్ముడింటికే వచ్చి చేరింది. ముందుగదిలో మంచం వేశారు. బాత్రూమ్ చూస్తే వెనకెక్కడో, మేస్త్రి దంపతుల పడకగదిని ఆనుకుని ఉంది. గోడ పట్టుకుని అక్కడిదాకా వెళ్ళేసరికి ఆవిడకు ప్రాణాలు కడబట్టేవి.

"మన గది వదినకిచ్చి మనం ముందుకొచ్చేస్తే సరిపోతుంది కదా," అంది భార్య.

"పైపుల పని చేసేవాణ్ణి, మా అక్కకి ఓ బాత్రూమ్ కట్టలేనా?"

వెనకగదికి గాలి బాగా వస్తుంది, రోడ్డు మోత వినపడదు. ఆ ముక్క మాత్రం మహానుభావుడు పైకి అనలేదు.

ముందుగది పక్కనే కొత్త బాత్రూమ్ లేచింది. మురుగు మాత్రం నడవా కిందుగా ఇంటి పొడుగునా ప్రయాణం చేసి, పెరట్లో మురుగు చేరే గుంట, ఆ చాంబర్‌లోనే పడాలి. ఆ చాంబర్‌కేమో లోతు లేదు. అంత దూరం వాటం కావాలంటే పైపు మొదలునే పైకెత్తాలి. ఎత్తాడు. దాంతో బాత్రూమ్ గచ్చు రెండు మెట్లు పైకి పోయింది. బకెట్ నీళ్ళు కుమ్మరించి పెరట్లోకి పరుగెత్తాడు. చాంబర్‌లో నీళ్ళ చప్పుడు వినపడగానే మురిసిపోయి, ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించాడు.

"బ్రహ్మాండంగా ఉందిరా తమ్ముడూ," అంది అక్క.

ఆ తర్వాత ఆవిడ టీ మానేసింది. మంచినీళ్ళిస్తే గొంతు తడుపుకుని పక్కన పెట్టేసేది. దాహం లేదు కాబోలనుకున్నాడు మేస్త్రి. ఊళ్ళో నీళ్ళ సంగతంతా తెలిసినవాడికి ఇంట్లో ఇది తట్టలేదు.

ఒకరోజు మరిచిపోయిన పానా కోసం ఇంటికొచ్చాడు. కొత్త బాత్రూమ్ ముందు అక్క కింద కూర్చుని గుడ్డతో నేల తుడుస్తోంది. కట్టుకున్న బట్ట తడిసి ఉంది.

"కాలు మెట్టు మీదికి లేవట్లేదురా," అంది తలెత్తకుండా. "మీ ఆవిడకి చెప్పకు."

"మొదటిరోజే చెప్పొచ్చు కదక్కా?"

"అంతమందిని పిలిచి చూపించావు. ఏమని చెప్పను?"

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. "ఇవాళే నిన్ను వెనకగదిలోకి మార్చేస్తాను. మేం ముందుకొస్తాం," అన్నాడు గబగబా.

"వద్దులే. ఆ గదంటే నీకెంత ఇష్టమో నాకు తెలియదా? పైపు కోసం నువ్వు నడవా తవ్వుతున్నప్పుడే అర్థమైంది."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది మేస్త్రికి. సిగ్గుతో చచ్చిపోతూ అక్క చేతిలోని గుడ్డ తీసుకున్నాడు. తడి అంతా తుడిచేశాకే మంచం మోయడానికి రమ్మని భార్యను పిలిచాడు.