మాది కాని ట్రక్కుకు ప్రార్థన

మా ఆయన ఉద్యోగం కారు తలుపు చుట్టూ ఉండే నల్ల రబ్బరు. వాన లోపలికి రాకుండా, గాలి మోత చెవిన పడకుండా ఆ రబ్బరు ఎంత లావుండాలి, ఎంత మెత్తగా ఉండాలి అని పగలంతా ఆలోచిస్తారు. పెళ్ళిచూపులప్పుడు ఆటోమొబైల్ ఇంజినీరు అన్నారు గానీ రబ్బరు సంగతి ఎవరూ చెప్పలేదు. అమెరికాలో ఈ నోవై అనే ఊరికి వచ్చి కాపురం పెట్టాక తెలిసింది. ఆయన ఏ బండినైనా తలుపు చప్పుడును బట్టే అంచనా వేస్తారు. ఎవరింటికైనా భోజనానికి వెళితే, విస్తరి ముందు కూర్చోకుండా వాళ్ళ గరాజ్‌లోకి వెళ్ళి కారు తలుపు తీసి, వేసి, కళ్ళు మూసుకుని వింటారు. చప్పుడు బాగుంటే ఆ ఇంటి వాళ్ళ మీద గౌరవం పెరుగుతుంది. బాగోకపోతే పప్పులో ఉప్పు తగ్గిందని కారులో తిరిగి వచ్చేటప్పుడు నాతో అంటారు.

ఆ చలికాలం మొదట్లో నా పాత సెడాన్ ప్రాణం విడిచింది. నేను ఆసుపత్రి ల్యాబ్‌కు రోజూ వెళ్ళి వచ్చిన బండి అది. నేను పొట్టిదాన్ని. ఎంత పొట్టో చెప్పను గానీ, మా వంటింట్లో పై అరలు ఇప్పటికీ నాకు విదేశమే. ఆ సెడాన్‌లో మాత్రం చీర కట్టుకున్నా హాయిగా కూర్చునేదాన్ని, రెండు కాళ్ళూ నేలమీద ఆనించి దిగేదాన్ని. కొత్త బండి కొనాలనుకున్నప్పుడు ఆయనను ఒక్కటే అడిగాను. రంగు మీ ఇష్టం, ఇంజన్ మీ ఇష్టం, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నేను ఎక్కి దిగగలగాలి, అంతే. ఆయన సరేనని తలూపారు. తలుపుల గురించి ఆలోచిస్తున్నప్పుడు కూడా ఆయన అలాగే తలూపుతారని నేను మర్చిపోయాను.

వచ్చే సంవత్సరం బండ్లు ఈ సంవత్సరమే వచ్చేయడం ఈ దేశపు అలవాటు. ఆకులు రాలేసరికి మా ఊరి డీలర్ దగ్గర ఒక పాత అమెరికన్ కంపెనీ కొత్త బండ్లన్నీ వరసగా నిలబడతాయి. శనివారం వెళ్ళి చూశాం. పెద్ద ట్రక్కు, ఇంకా పెద్ద ట్రక్కు, ఇల్లు ఖాళీ చేస్తే ఇల్లే పట్టేటంత ట్రక్కు. వాటి పక్కన మూడు నాలుగు సైజుల్లో ఎస్‌యూవీలు. ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు, దాని దగ్గర నెరిసిన జుట్టు పెద్దమనుషులు. సెడాన్లు ఎక్కడున్నాయని సేల్స్‌మన్‌ను అడిగాను. అతను గొంతు తగ్గించి, చావుకబురు చెప్పినట్టు, ఈ కంపెనీ సెడాన్లు చెయ్యడం మానేసిందని చెప్పాడు. నాకు నిజంగానే దుఃఖం వచ్చింది.

తిరిగి చూస్తే పక్కన మా ఆయన లేరు. నీలం రంగు ట్రక్కు దగ్గర నిలబడి తలుపు తీసి వేస్తున్నారు. ధప్. మళ్ళీ ధప్. మొహం మతాబాలా వెలిగిపోతోంది.

"ఇది మా రబ్బరే," అన్నారు. "ఈ ఇయర్ మోడల్‌కి ఫస్ట్ టైమ్ పెట్టారు. విను, విను."

విన్నాను. నాకు తలుపు చప్పుడులాగే వినిపించింది.

సేల్స్‌మన్ మంచి తెలివైనవాడు. ఆ మొహం చూశాక ధర మాటే ఎత్తకుండా, సోమవారం దాకా ఇంట్లో ఉంచుకుని నడిపి చూడండని తాళాలు చేతిలో పెట్టాడు. నేను తలుపు తీసి చూస్తే సీటు నా గుండెల ఎత్తున ఉంది. కాలు పెట్టుకునే మెట్టు ఇంకా ఖరీదైన పై రకానికే వస్తుందట. నేను ఎలా ఎక్కాలా అని చూస్తుండగానే మా ఆయన వెనక నుంచి వచ్చి, రెండు చేతులతో ఎత్తి, గ్యాస్ బండ ఎక్కించినట్టు నన్ను లోపల పెట్టేశారు. ఇంటి దగ్గర అలాగే దించారు. సాయంత్రం ఇండియన్ స్టోర్‌కు వెళితే అక్కడా ఎత్తారు, అక్కడా దించారు. కరివేపాకు కొనడానికి వచ్చినవాళ్ళంతా చూశారు. ఒళ్ళు మండిపోయింది.

"ఇది నాకు వద్దండీ," అన్నాను.

"అలవాటైపోతుందిలే. తలుపు చూశావా, గాలి మోతే లేదు," అన్నారు.

ఆ రాత్రి ట్రక్కు పక్కన నిలబడి తీసుకున్న ఫొటో ఒకటి మా తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద "దేవుని కృప" అని రాశారు. ఆయన ఉద్దేశం రబ్బరు విషయంలో దేవుని కృప. గ్రూపులో అందరికీ అర్థమైంది మాత్రం వేరు. పొద్దున లేచి ఫోన్ చూస్తే చేతులు జోడించిన బొమ్మలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి.

మావాళ్ళలో కొత్త బండి కొంటే మొదట చర్చికి తీసుకెళ్ళడం ఆనవాయితీ. కాకినాడలో సైకిల్‌కైనా చేయించేవాళ్ళం. ఇక్కడ మా చర్చికి సొంత గుడి లేదు. అమెరికన్ల చర్చిని ఆదివారం మధ్యాహ్నం అద్దెకు తీసుకుంటాం. ఆరాధన అయ్యి బయటికి వచ్చేసరికి పార్కింగ్‌లో మా ట్రక్కుకు, అంటే డీలర్ ట్రక్కుకు, అద్దం నుంచి అద్దానికి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంది. బానెట్ మీద కేకు. చుట్టూ అంతా కోట్లు, టోపీలు వేసుకుని నిలబడ్డారు. సన్నగా మంచు పడుతోంది.

"మనది కాదని చెప్పండి," అని మా ఆయన చెవిలో అన్నాను.

చెబుదామనే నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే ఎవరో తలుపు వేసి, "అబ్బ, ఏం సౌండ్ బ్రదర్," అన్నారు. ఇంక ఆయన నోరు మూతపడింది. పోనీ, ఒక్కసారి విననివ్వు అన్నట్టు నా వైపు చూశారు. వరసగా అందరూ తలుపులు తీసి వేశారు. ఎమ్మెస్ చదువుతున్న వరంగల్ అబ్బాయి ఒకడు వెనక తొట్టిలోకి తొంగిచూసి, "అంకుల్, సాటర్డే మా రూమ్ షిఫ్టింగ్ ఉంది. జర బండి దొరుకుతదా?" అని అడిగాడు. "అలాగే బాబూ," అన్నారు మా ఆయన. మూడు కుటుంబాల సోఫాలకు కూడా మాట ఇచ్చేశారు.

ఇంతలో పాస్టరు గారు చిన్న ఆలివ్ నూనె సీసాతో వచ్చారు. బానెట్ మీద నూనె రాసి, చెయ్యి ఉంచి, కళ్ళు మూసుకున్నారు. మా పాస్టరు గారు ఏదీ మధ్యలో వదిలిపెట్టే మనిషి కాదు. టైర్ల కోసం ప్రార్థించారు. బ్రేకుల కోసం ప్రార్థించారు. ఎదురుగా వచ్చే బండ్లు నడిపేవాళ్ళ బుద్ధి కోసం ప్రార్థించారు. కేకు మీద మంచు పేరుకుంది. నేను చలికి వణుకుతూ, పోనీలే, దేవుడికి బండి ఎవరిదో తెలుసు కదా అని సర్దుకుంటున్నాను.

అప్పుడు పాస్టరు గారు గొంతు పెంచి, "ప్రభువా, మా సహోదరి ఈ వాహనము ఎక్కునప్పుడును దిగునప్పుడును, ఇక బ్రతికినంత కాలము..." అన్నారు.

బ్రతికినంత కాలమట! అందరూ ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు. నేను అనలేదు. ఆమెన్ అంటే అలాగే జరగనీ అని ఒప్పుకోవడం. అంటే ఇంక పైవాడి దగ్గర ఈ ట్రక్కు నా పేరున రాసేసినట్టే. పళ్ళు బిగించి నిలబడ్డాను.

పాస్టరు గారు ఒక కన్ను తెరిచి, "సిస్టర్ గారు అనలేదు. మీరు కూడా అంటే ముగిద్దామమ్మా," అన్నారు.

అందరూ నా వైపు తిరిగారు. మా ఆయన బూట్ల వైపు చూసుకుంటున్నారు.

"అయ్యగారూ, నేను అనలేనండి," అన్నాను. "ఇది మా బండి కాదు. డీలర్‌ది. రేపు ఇచ్చెయ్యాలి. కొన్నా నేను ఎక్కలేను. నాకు కాలు అందదు."

వరంగల్ అబ్బాయి "అయితే సాటర్డే?" అని మెల్లగా అని ఊరుకున్నాడు.

పాస్టరు గారు రెండో కన్ను కూడా తెరిచి, ట్రక్కును కింద నుంచి పైదాకా చూశారు. తర్వాత నన్ను చూశారు. ఆ చూపు చాలా తొందరగా ముగిసింది.

"చేసిన ప్రార్థన ఎక్కడికీ పోదమ్మా. కొనుక్కున్నవాళ్ళకు చెందుతుంది," అన్నారు. "నూనె మాత్రం తుడిచి ఇవ్వండి."

కేకు కోసేశారు. మంచుతో కలిపి తిన్నాం.

ఇంటికి వచ్చేటప్పుడు ట్రక్కులో గాలి మోత నిజంగానే లేదు. అందువల్ల మేము మాట్లాడుకోకపోవడం బాగా వినిపించింది. మా వీధి మలుపు దగ్గర ఆయన నోరు విప్పారు.

"నిన్ను ఎత్తి ఎక్కించడం నీకిష్టం అనుకున్నాను."

"ఎందుకనుకున్నారు?"

"నాకిష్టం కాబట్టి," అన్నారు.

నాకు నవ్వూ వచ్చింది, కళ్ళమ్మట నీళ్ళూ వచ్చాయి. ఇన్నేళ్ళలో ఆ మనిషి నాతో చెప్పిన ప్రేమ మాటలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ఇదొకటి, అదీ నేను వద్దంటున్న దాని గురించి.

"మీరు ఎత్తండి, నేనేం వద్దనను. ఇంట్లో ఎత్తండి," అన్నాను. "ల్యాబ్ నుంచి బయటికొచ్చినప్పుడు ఎవరెత్తుతారు? మీరు ఊళ్ళో లేని రోజు నేను ఎక్కలేకపోతే అది నా బండెలా అవుతుంది?"

ఇల్లు వచ్చాక ఆయన నన్ను దించి, కాసేపు ఆ సీటు ఎత్తు తన నడుముతో కొలుచుకుంటూ నిలబడ్డారు. నా ఎత్తు దాకా మోకాళ్ళు వంచి కూడా చూశారు. పక్కింటి అమెరికన్ ఆయన కిటికీలోంచి చూసి ఏమనుకున్నాడో తెలియదు.

సోమవారం సాయంత్రం ట్రక్కు తిరిగి ఇచ్చేశాం. బానెట్ మీద ఆ నూనె మరక ఏమిటని సేల్స్‌మన్ అడిగితే, మంచి కోసమేనని చెప్పాం. వరసలో అన్నిటికంటే చిన్న ఎస్‌యూవీ గోడ పక్కన, ఎవరూ పట్టించుకోని చోట ఉంది. బూడిద రంగు. మా ఆయన దాని తలుపు తీసి వేశారు. టిక్కుమంది. ఆయన మొహం వాడిపోయింది. రెండోసారి వెయ్యలేదు, దీనికే కాగితాలు తియ్యమని సేల్స్‌మన్‌తో చెప్పారు.

కాగితాల పని అయ్యాక తాళం నా చేతికిచ్చారు. మంచు తొక్కుకుంటూ వెళ్ళి తలుపు తీశాను. సీటు నా నడుము ఎత్తునే ఉంది. కూర్చున్నాను, కాళ్ళు లోపలికి పెట్టుకున్నాను, తలుపు వేసుకున్నాను. తల తిప్పితే మా ఆయన కిటికీ అవతల రెండు చేతులూ చాచుకుని నిలబడి ఉన్నారు. నేను అప్పటికే లోపల ఉన్నానని చూసి, ఆ చేతులు ఏం చెయ్యాలో తెలియక కోటు జేబుల్లో పెట్టుకున్నారు. తర్వాత బండి ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, తల వంచుకుని, మోకాళ్ళు మడుచుకుని నా పక్క సీట్లో కూర్చున్నారు.

"బెల్టు పెట్టుకోండి," అన్నాను.