రవిక గుడ్డల చొక్కా

ఒక ఏడాదిపాటు కొత్త బట్టలు కొననని నేను ఇంట్లో ప్రకటించినప్పుడు నా భార్య ఫోనులోంచి తల ఎత్తలేదు. "పోయిన ఏడాది కొన్నారా?" అని మాత్రం అడిగింది. ఆలోచిస్తే, కొనలేదు. కానీ అప్పుడు అది బద్ధకం, ఇప్పుడు సిద్ధాంతం.

నేను తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. పాఠం కోసం వెతుకుతుంటే, జనం పారేసిన బట్టలు ఎక్కడో ఎడారిలో గుట్టలుగా పడి ఉన్న వీడియో ఒకటి కనిపించింది. ఒక గుట్ట అంచున నా నీలం గళ్ల చొక్కా లాంటిది ఉంది. నాది కాదు, నాది ఆ సమయానికి నా ఒంటి మీదే ఉంది. అయినా మనసు చివుక్కుమంది.

ప్రకటన దాకా పోకముందు, కొనేదేదో ధర్మంగా కొందామనుకున్నాను. బజారులో ఒక రెడీమేడ్ అంగడికి వెళ్లి, చొక్కా చేతిలో పట్టుకుని, దీన్ని కుట్టినవాళ్లకు కూలి సరిగ్గా ఇచ్చారా అని అడిగాను. అంగడాయన నాకు కుర్చీ వేయించి, టీ చెప్పి, "సార్ లేబర్ ఆఫీసు నుంచా?" అన్నాడు. కాదన్నాను. టీ రాలేదు. తర్వాత ఫోనులో చేనేత చొక్కాలు చూశాను. ప్రతి చొక్కా పక్కనా దాన్ని నేసినాయన నవ్వుతున్న ఫోటో ఉంది. ధర చూస్తే ఆయన నవ్వడానికి కారణం ఉందనిపించింది. ఆ ధర ఆయనకు చెప్పారో లేదో తెలియదు.

పోనీ వాడిన బట్టలే కొందామంటే అమ్మ అడ్డుపడింది.

"ఎవురో కట్టి విడిచినవి మనకెందుకురా?"

ఈ మాట అన్న మనిషి బీరువాలోనే, తిరుచానూరు అమ్మవారికి కట్టిన చీర ఒకటి పసుపు గుడ్డలో చుట్టి భద్రంగా ఉంది. ఆ సంగతి గుర్తు చేశాను.

"ఆయమ్మా, ఎవురో, ఇద్దరూ ఒకటేనా నీకు?" అంది. ఎకనామిక్స్‌లో దీనికి జవాబు లేదు.

ఇక మిగిలింది కుట్టుకోవడం. అమ్మది పాత తొక్కుడు మిషన్ ఉంది. వీడియోలు చూసి, ఇంట్లోని పాత దుప్పట్ల మీద సెలవుల్లో నేర్చుకున్నాను. పైజామా మొదలుపెడితే దిండు గలీబుగా పూర్తయింది. తర్వాత కుట్టిన చొక్కాకు రెండు చేతులూ కుడిచేతికి సరిపోయేవే వచ్చాయి. మూడో ప్రయత్నానికి చెయ్యి కుదిరింది, గుడ్డ అయిపోయింది. కొత్త గుడ్డ కొంటే మాట తప్పినట్టు. అప్పుడు అమ్మ బీరువా కింది అర గుర్తొచ్చింది.

ఆ అర నిండా రవిక గుడ్డలు. పెళ్లికి, వ్రతానికి, ఏ పేరంటానికి పోయినా తాంబూలంతో పాటు ఒకటి పెట్టి పంపుతారు కదా, అవి. ఎవరూ కుట్టించుకోరు. ఆ రంగుకు తగిన చీర ఎవరి దగ్గరా ఉండదు. ఇంకో ఇంట్లో ఫంక్షన్ వస్తే, మడత కూడా విప్పకుండా అక్కడ పెట్టేస్తారు. ఏది ఎవరింటి నుంచి వచ్చిందో అమ్మకు గుర్తు. ఏది ఎవరింటికి పోకూడదో ఇంకా బాగా గుర్తు. నా కళ్లకు మాత్రం అది ఊరికే పడి ఉన్న సరుకు. నోటు కూడా కాగితమే కదా అని కత్తిరించేవాడికీ నాకూ తేడా లేదని తర్వాత తెలిసింది.

ఒక శుక్రవారం అమ్మ తిరుచానూరు వెళ్లినప్పుడు పని మొదలుపెట్టాను. పాత చొక్కా ఒకటి విప్పి కొలతగా పరుచుకున్నాను. ఒక్కో రవిక గుడ్డా నా వీపులో సగానికే వస్తుంది. అందుకని వీపు సగం మెరూన్, సగం చిలకపచ్చ. చేతులు వంగపండు రంగు. అర అడుగున పేపర్లో విడిగా చుట్టి ఉన్న నెమలికంఠం రంగు గుడ్డ దొరికింది. ఒక మూల పసుపు మరక ఉన్నా, ఇంత జాగ్రత్తగా దాచారంటే మంచిదే అయ్యుంటుందని దాన్ని కాలరుకూ జేబుకూ వాడాను. నా భార్య గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత జరగబోయేది ఆమెకు అప్పుడే తెలుసని నా అనుమానం. చాలా కాలంగా ఆమెకు వేరే వినోదం లేదు.

ఆ చొక్కా తొలిసారి వేసుకున్నది పూతలపట్టులో, మా మామ కొత్త ఇంటి గృహప్రవేశానికి.

మామ అంటే అమ్మకు అన్న. అన్నతో అమ్మకు మాటలున్నాయి, వదినతో లేవు. రెండేళ్ల కిందట అత్త వాళ్లింట్లో జరిగిన వ్రతం నుంచి తిరిగొచ్చిన రోజు మొదలు, అమ్మ ఆమెకు ఫోన్ చేయలేదు. ఎందుకని అడిగితే, మగవాళ్లకు చెప్పేది కాదంది. ఇప్పుడు అన్న స్వయంగా వచ్చి పిలిచాడు. అమ్మ కొత్త చీర, దానికి జతగా కొత్త రవిక గుడ్డ కొని సంచిలో పెట్టుకుంది. "ఆమె ముందు పలకరిస్తే నేనూ మాట్లాడతా. లేదంటే పాలు పొంగినాక వచ్చేస్తా" అని కారులో చెప్పింది. చెప్పి, పాకాల దాటేదాకా చీర మడతలే సర్దింది.

తెల్లవారుజాము చలికి నేను చొక్కా మీద స్వెటర్ వేసుకున్నాను, అమ్మ దాన్ని ఇంకా చూడలేదు. హోమం పొగకు, వంటింటి వేడికి అది తీయక తప్పలేదు.

"ఏమబ్బోడా" అంది వెనక నుంచి మా చిన్నమ్మ, అమ్మ చెల్లెలు. "నీ ఈపు మీద నా జాకెట్ గుడ్డ ఉండాది."

తిరగబోయాను.

"కదలొద్దు, సూడనీ. ఈ మెరూన్‌ది నేను మీ అత్తకు పెట్టినా. నీ ఈపు మీదికి ఎట్లొచ్చె?"

"ఆ పచ్చది నాదే" అంది ఇంకెవరో. "చిన్నమ్మా, అది నీకిచ్చినా గదా నేను, మా పాప ఓణీల ఫంక్షన్‌లో."

చిన్నమ్మకు దగ్గు వచ్చింది. మా బంధువుల్లో ఎవరు ఎవరికి ఏమిచ్చి ఏం వదిలించుకున్నారో మొత్తం నా వీపు మీద ఉంది. చదవగలిగినవాళ్లంతా వెనకే నిలబడ్డారు. మెరూన్ సంగతి తన దాకా వచ్చేసరికి అత్త, మాట మార్చడానికి కాబోలు, నా ముందుకొచ్చింది.

"ఏమప్పా అల్లుడా, ఈ కలర్ జేబు బాగుండాది. ఇది నేను మీ అమ్మకు పెట్టిందే గదా, వ్రతంలో?"

"నువ్వు పెట్టిందే" అంది అమ్మ. ఎప్పుడొచ్చిందో నా పక్కనే ఉంది. "అంతకు ముందు నేను నీకు పెట్టింది."

అమ్మ నా జేబు మూల మీద వేలు పెట్టింది. అక్కడ పసుపు మరక ఉంది.

"నా చేత్తో పెట్టిన పసుపు. అందరికీ బీరువాలోది తీసి పెడతాం. నీకని అంగట్లో నిలబడి ఎంచి కొన్నా వదినా. అదే నాకు తిరిగొచ్చె."

అత్త వంగి ఆ మరకను చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. జేబు కదలకూడదు కదా.

"ఆ పొద్దు పైన ఏది దొరికితే అది తీసి ఇచ్చేసినా అమ్మీ. సూడనేలే." తర్వాత గొంతు తగ్గించింది. "దీనికా రెండేండ్లు మాట్లాడకపోయింది?"

"దీనికే."

"నేనేమో మీ అన్న నా మీద నీకేమన్నా చెప్పినాడేమో అనుకుంటి. రెండేండ్లుగా ఆయప్పతో కొట్లాడతా ఉండా."

మామ అప్పుడే పొంగలి గిన్నెతో అటుగా వచ్చాడు. గిన్నె కింద పెట్టి, అందరి మొహాలూ చూసి, "చెప్తే విన్న్యావా నువ్వు?" అన్నాడు. అంతకుమించి వాదించలేదు. నిర్దోషిగా తేలడం ఆయనకు అలవాటు లేదు.

ముందు నవ్వింది అత్తో అమ్మో నాకు కనిపించలేదు. అప్పటికి నన్ను మళ్లీ వెనక్కి తిప్పి, వంగపండు చేతుల సంగతి తేలుస్తున్నారు.

బయలుదేరేటప్పుడు అత్త అమ్మకు బొట్టుపెట్టి, తాంబూలంలో ఎర్రటి రవిక గుడ్డ పెట్టింది. పెట్టి, వెనక్కి తీసుకుంది. పూలబుట్టలోంచి కత్తెర తీసి, గుడ్డ అంచున నాలుగు వేళ్ల లోతు కత్తిరించింది. కత్తెర పడ్డ గుడ్డను ఇంకొకరికి పెట్టకూడదు.

"ఇంక దీన్ని యాడికి పంపిస్తావో పంపించు, సూస్తా."

అమ్మ చెయ్యి చాచి కత్తెర అడిగింది. తను తెచ్చిన చీర మీది రవిక గుడ్డను కూడా అంతే లోతు కత్తిరించి, చీరతో పాటు అత్త చేతిలో పెట్టింది.

కారెక్కాక అమ్మ ఆ ఎర్ర గుడ్డ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పూతలపట్టు దాటాక, నేనే కుట్టిపెడతానని మర్యాదకు అన్నాను. వెనక సీట్లో నా భార్య కిటికీ వైపు తిరిగింది.

"నువ్వు దీని జోలికి రావొద్దురా" అంది అమ్మ. "ఇది తొడుక్కునేదానికి."