లప్పం కింద పెన్సిల్ గీత

మా బావకి జనం పెట్టిన పేరు ‘కొత్తిల్లు’. ముప్పై ఏళ్ళుగా ఇళ్ళకి రంగులు వేస్తున్నాడు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళాక, కొత్తవాళ్ళు చూడ్డానికి వచ్చేలోపు నాలుగైదు రోజులు దొరుకుతాయి. ఆ నాలుగైదు రోజుల్లో పాత కొంపని కొత్తింటిలా చేసి అప్పగించడం ఆయన పని. మేకులు కొట్టిన కన్నాలు, పిల్లలు గీసిన బొమ్మలు, పొయ్యి పక్కన జిడ్డు, బాత్రూం గోడకి చెమ్మ, అన్నీ లప్పం కిందకి పోయేవి. లప్పం అంటే ఏముంది, తెల్లటి పిండి. నీళ్ళు కలిపి గోడకి మెత్తి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్దితే గోడ అద్దంలా తేలుతుంది. ఆ పిండీ, రంగులూ అమ్మే షాపు నాది. కాబట్టి బావ గొప్పలోనూ తప్పులోనూ నాకూ వాటా ఉంది. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత ఎవరూ నన్ను పీక్కుతినకుండా.

బావ నోట్లో నాలుక లేని మనిషి. మాట్లాడితే గోడలతోనే. ఎవరింటికి వెళ్ళినా కూర్చునే ముందు వేలి కణుపుతో గోడ మీద రెండు దెబ్బలు కొట్టి చెవి పెట్టి వింటాడు. మా అక్కతో పెళ్ళైన కొత్తలో మా ఇంటికొచ్చి, మా అమ్మ టీ పెడుతుంటే వంటింటి గోడ కొట్టి చూసి, “లోపల గుల్లగా ఉంది” అన్నాడు. ఆ ఇల్లు కట్టించింది మా నాన్న. నెల రోజులు అల్లుడితో మాట్లాడలేదు. రెండో ఏడాది ఆ గోడ పెచ్చులు పెచ్చులుగా ఊడి అక్క నెత్తి మీద పడబోయింది. అప్పుడు కూడా మా నాన్న, “వాడు కొట్టబట్టే ఊడింది” అన్నాడు.

ఇంకో అలవాటు కూడా ఉంది బావకి. తనకి పని నేర్పిన మేస్త్రీ దగ్గర అబ్బింది. గోడకి పగులు కనిపిస్తే, అది ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత గీసి పక్కన తేదీ వేస్తాడు. లప్పం పెట్టేది ఆ తర్వాతే. మూసేసే దాని మీద రాతెందుకు బావా అని ఒకసారి ఎగతాళి చేశాను.

“మళ్ళీ గీకినప్పుడు తెలుస్తుంది కదరా, అది అక్కడే ఉందా, నడిచిందా అని.”

“నడిస్తే ఏం చేస్తావు?”

“కొత్త గీత గీస్తా.”

అప్పుడు పడీపడీ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నగరం శివార్లలో, బస్సు ఆఖరి స్టాపు దిగి పది నిమిషాలు నడిస్తే ఒక కాలనీ వస్తుంది. రెండు వరసల ఇళ్ళు, మధ్యలో నీడ పడే రోడ్డు, పక్కింట్లో చెంచా పడినా వినిపించేంత నిశ్శబ్దం. ఒకప్పుడు అక్కడ రాళ్ళు తవ్వి తీసిన పెద్ద గొయ్యి ఉండేది. నగరంలో కూల్చిన కట్టడాల చెత్తంతా తెచ్చి అందులో పోసి, పైన మట్టి పరిచి, ప్లాట్లు చేసి అమ్మారు. ఆ మాట ఇప్పుడు అక్కడ ఎవరూ ఎత్తరు. అద్దెకొచ్చేవాళ్ళకి అసలు తెలియదు. వాళ్ళు నిశ్శబ్దం చూసి వస్తారు, ఏడాది తిరక్కుండానే ఏదో ఒక వంక చెప్పి వెళ్ళిపోతారు. ఎందుకు వెళ్ళారని వాళ్ళని అడిగినవాళ్ళు లేరు.

ఒక వరసలో చివరి మూడిళ్ళూ ఒకే పెద్దమనిషివి. ఆయన ఉండేది నగరంలో. చాలా మర్యాదస్తుడు. బావని ‘మేస్త్రీ గారూ’ అంటాడు, తన కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ వేయించి టీ ఇప్పిస్తాడు. ఆ ఆఖరి ఇంటికి మొదటిసారి బావ నా షాపు నుంచి ఒక బస్తా లప్పం తీసుకెళ్ళాడు. మరుసటి ఏడు రెండు. ఆ తర్వాత మూడు, ఈమధ్య నాలుగు. ఇల్లు పెరగలేదు, గదులు అవే. నేను అడగలేదు. సరుకు ఎక్కువ పోతుంటే ఎందుకని అడిగే బుద్ధి అమ్మేవాడికి ఉండదు. బావ మాత్రం ఒకసారి ఇంటాయనతో నసిగాడట, పడగ్గది గోడ పగులు పైనుంచి కిందికి దిగుతోంది, ఎవరైనా ఇంజనీరుకి చూపిస్తే మంచిదని. “తప్పకుండా మేస్త్రీ గారూ, చూపిద్దాం” అన్నాడట ఆయన. ఆ మాటతో బావ మనసు తేలికపడింది. తన పని గోడ పైపొర వరకే అనుకున్నాడు. అదీకాక, అద్దెకొచ్చేవాళ్ళ ముఖం ఆయన ఏనాడూ చూడలేదు. ఒకళ్ళు వెళ్ళాక లోపలికి వస్తాడు, ఇంకొకళ్ళు రాకముందే నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు. ఎవరి కోసం మూస్తున్నాడో తెలియకుండా ముప్పై ఏళ్ళు మూశాడు.

బావకి ఒక్కతే కూతురు. నా మేనకోడలని చెప్పడం కాదు, నిజంగానే చురుకైన పిల్ల. నగరంలో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగం. రోడ్డు పక్కన ఒక ఇరుకు గదిలో ఉండేవాళ్ళు, లారీ వెళ్తే గిన్నెలు కదిలేవి. ఇప్పుడు దానికి ఏడో నెల. ఒక శనివారం సాయంత్రం ఫోన్ చేసింది.

“ఇల్లు మారిపోయాం నాన్నా. పుట్టబోయేవాడికి కాస్త ప్రశాంతంగా ఉంటుందని. నీకు ముందే చెప్తే గోడలు కొట్టి వంకలు పెడతావని చెప్పలేదు. రేపు నువ్వూ మావయ్యా రండి. అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గాక తీసుకొద్దువుగాని.”

మర్నాడు బస్సు ఆఖరి స్టాపులో దిగేసరికే బావ నడక మందగించింది. కాలనీ మలుపు తిరిగాక మరీ ఈడ్చుకుంటూ నడిచాడు. ఫోన్‌లో పిల్ల చెప్పిన గుర్తులు పట్టుకుని ముందు నేనే వెళ్ళి ఆఖరి గేటు ముందు ఆగాను. వెనక్కి తిరిగి చూస్తే బావ గేటు అడుగునే చూస్తున్నాడు. ఆ గేటుకి కింద ఒకచోట రంగు కారి గడ్డకట్టింది. ఆ రంగు నా షాపుదే. నలభై రోజుల కిందట పట్టుకెళ్ళాడు.

మా మేనకోడలు ఎదురొచ్చి బావ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. హాల్లో గోడ మీద అరచెయ్యి వేసి నిమిరింది.

“ఈ పని చేసినవాడెవడో గానీ అచ్చం నీ చెయ్యే నాన్నా. మూలలు చూడు, ఎంత నిక్కచ్చిగా ఉన్నాయో. చిన్నప్పటి నుంచీ నీ పని చూసి చూసి, నాకు గోడ చూస్తే చాలు ఇల్లెలాంటిదో తెలిసిపోతుంది. అడుగు పెట్టగానే ఈయనతో చెప్పాను, ఇంక వేరే ఇల్లు చూడక్కర్లేదని.”

బావ “బాగుందమ్మా” అన్నాడు. గోడ కొట్టి చూడలేదు. ఆయన గోడ కొట్టకుండా కూర్చోవడం నేను చూడ్డం అదే మొదలు.

పడగ్గది తలుపు అల్లుడు భుజంతో ఎత్తి తోశాడు. “వానలకి ఉబ్బింది మావయ్యగారూ” అన్నాడు. వాన పడి మూడు నెలలైంది. బీరువా ఒక కాలి కింద మడిచిన అట్టముక్క ఉంది. మంచం ఆ గోడకే ఆనించి వేశారు. పక్కనే అప్పుడే కొన్న చిన్న ఉయ్యాల, ఇంకా కాగితం చుట్టి ఉంది. బావ మంచం తలవైపు వంగి, వెనక సందులో చాలాసేపు చూశాడు. నేనూ చూశాను. దిండు ఎత్తున, రంగు మీద, వెంట్రుక మందాన ఒక పగులు.

“మంచం ఇటుపక్కకి జరపండి” అన్నాడు బావ.

“మొదలెట్టావా నాన్నా?” అని నవ్వింది పిల్ల. “జరుపుతాంలే. ముందు టీ తాగు.”

తిరుగు బస్సులో బావని నోటికొచ్చినట్టు తిట్టాను. అక్కడే చెప్పేయడానికి ఏమొచ్చిందని అడిగాను.

“అది నా చేతిని అంతలా పొగిడాక నోరు పెగల్లేదురా. ఆ పగులు పైన గుడ్డ పట్టీ వేసి మూశాను. పైన దారి లేక కిందికి దిగింది. నేను గీసిన గీత స్విచ్చి బోర్డు ఎత్తులో ఉంది. నలభై రోజుల్లో పగులు దిండు దాకా వచ్చింది.”

బస్సు దిగగానే ఇంటాయనకి ఫోన్ చేశాడు. వాళ్ళు నా పిల్లలండీ, ఆ ఇంట్లో ఎవరూ ఉండకూడదండీ అన్నాడు. అవతలి గొంతు నాకూ వినిపించింది, ఎప్పటిలాగే మెత్తగా. “మీ అమ్మాయా? చాలా సంతోషం మేస్త్రీ గారూ. గోడ బాగు చేసింది మీరే కదా. చేయని పనికి మీరు డబ్బు తీసుకునే మనిషి కాదని నాకు తెలుసు.”

బావ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదని అక్క చెప్పింది.

సోమవారం షాపు తెరిచీ తెరవగానే వచ్చి, గోడ గీకే రేకు ఒకటి తీసుకున్నాడు. ఆయన దగ్గర అలాంటివి అరడజను ఉన్నాయి, ఏదీ గుర్తొచ్చినట్టు లేదు. నేను షట్టర్ దించి వెంట వెళ్ళాను. అల్లుడు ఆఫీసుకి వెళ్ళాడు, పిల్ల ఒక్కతే ఉంది. బావ ఏమీ చెప్పకుండా పడగ్గదిలోకి వెళ్ళి, మంచం లాగేసి, కుర్చీ ఎక్కి పైనుంచి గీకడం మొదలుపెట్టాడు. తను అద్దంలా చేసిన గోడ పెళ్ళలు పెళ్ళలుగా నేల మీద పడింది.

“నాన్నా, ఏంటిది? పిచ్చా నీకు? మావయ్యా, నువ్వైనా చెప్పు” అని పిల్ల నా చొక్కా పట్టుకుంది. దుమ్ము పడకుండా దాన్ని పక్కకి జరిపాను. పొట్ట మీద చెయ్యి వేసుకుని అక్కడే నిలబడిపోయింది.

కిటికీ పైన మొదటి గీత బయటపడింది, పక్కన తేదీ. కిటికీ సగం ఎత్తులో రెండోది. దాని కింద మూడోది. స్విచ్చి బోర్డు దగ్గర నాలుగోది, నలభై రోజుల కిందటిది. నాలుగు గీతల మీదుగా పగులు దిగుతోంది. పైన వేలు దూరుతుంది, కింద వెంట్రుక. మా మేనకోడలు పగులు వైపు చూడలేదు. తేదీల దగ్గరికి వెళ్ళింది. బావ ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత పెడతాడు. దానికి అంకెలు నేర్పింది ఆయనే, అదీ అలాగే రాస్తుంది.

“ఇది నీ రాతే కదా నాన్నా.”

“నాదే.”

 గోడ లోపల ఎక్కడో సన్నగా ఇసుక జారిన చప్పుడు వినిపించింది.

“మాకు ముందున్నవాళ్ళకి పిల్లలున్నారా?”

“తెలీదమ్మా” అన్నాడు బావ. “నేను వాళ్ళనెప్పుడూ చూడలేదు.”

మధ్యాహ్నానికల్లా సామాను నా షాపు ఆటోలో వేసి, అల్లుణ్ణి ఆఫీసు నుంచి పిలిపించి, ఇద్దరినీ బావ ఇంటికి చేర్చాం. కాగితం విప్పని ఉయ్యాల ఆఖరున ఎక్కించాం. పిల్ల తండ్రితో మాట్లాడుతుంది, మందులు తెమ్మంటుంది, ఫ్యాన్ వేయమంటుంది. ఆ గోడ ఊసు మాత్రం ఎత్తదు. ఎత్తి నాలుగు తిట్టినా బావకి బాగుండేది.

బావ ఆ కాలనీలో తను రంగు వేసిన ప్రతి ఇంటి తలుపూ కొట్టాడు. గోడలు చూశారా అని అడిగాడు. ఒకాయన తన గోడని అరచేత్తో నిమిరి చూపించి, “ఇంత నున్నగా ఉంటే ఏమైందండీ?” అన్నాడు. ఇంకో ఇంట్లో తమ ఇంటాయనకి ఫోన్ చేసి బావ మీద ఫిర్యాదు చేశారు. మున్సిపల్ ఆఫీసులో అర్జీ ఇస్తే తీసుకుని ముద్ర వేశారు. అప్పట్నుంచి బావ పనికి వెళ్ళడం మానేసి నా షాపు ముందు స్టూలు మీద కూర్చుంటున్నాడు.

మొన్న బుధవారం ఒక పెయింటర్ వచ్చాడు. కొత్త మనిషి, హుషారుగా ఉన్నాడు. ఆరు బస్తాల లప్పం కావాలన్నాడు. ఏ ఇంటికని అడిగాను. షాపు పెట్టిన ఇరవై రెండేళ్ళలో మొదటిసారి అడిగాను. ఆ ఇల్లే.

“పడగ్గది గోడ ఎవడో పిచ్చోడు గీకేసి పోయాడు” అన్నాడతను.

బావ స్టూలు మీంచి లేచాడు. “గోడ మీద గీతలు, తేదీలు ఉండాలి.”

“ఉన్నాయి పెద్దాయనా. తడిగుడ్డతో తుడిచేశా.”

“పగులు ఎక్కడిదాకా వచ్చింది?”

“నేల దాకా. అందుకే ఆరు బస్తాలు. ఆదివారం పొద్దున ఎవరో చూడ్డానికి వస్తున్నారు, ఇద్దరు చిన్నపిల్లలున్నవాళ్ళట. అప్పటికి అద్దంలా చేసివ్వాలి.”

నా వెనక లప్పం బస్తాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. స్టాకు లేదన్నాను. అతను బస్తాల వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఏమనుకున్నాడో రోడ్డు దాటి ఎదురు షాపుకి వెళ్ళాడు. ఆరు బస్తాలూ ఆటోలోకి ఎక్కడం ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

“ఆదివారం షాపుకి సెలవే కదరా” అన్నాడు బావ. “నాతో రా. వాళ్ళు వచ్చేసరికి గేటు దగ్గర నిలబడదాం. ఈసారైనా వాళ్ళ ముఖం చూడాలి.”

“వస్తాను బావా.”

బావ తల ఊపి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. చెవి వెనక పెన్సిల్ తీసి ఒకసారి చూసుకుని, జేబులో పెట్టుకున్నాడు.

“ముందు ఆదివారం దాకా ఆ గోడ ఆగాలి” అన్నాడు.